కట్లమ్మ కట్టని కట్టు

మనకు వారం గడిచింది గానీ మడత మేస్త్రికి అర నిమిషం కూడా గడవలేదు. కుడిచెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. కట్లమ్మ కత్తెర పట్టుకుని ఇంకా దాన్నే చూస్తోంది.

పోయినవారం సంచిక చేతికి దొరకనివారి కోసం నాలుగు ముక్కలు. పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టే విభాగానికి పెద్ద ఈ మేస్త్రి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో ముప్పై నాలుగేళ్ళు ఆవిరిలోనే గడిచాయి. ఇరవై ఆరు రోజుల కిందట కుడిచెయ్యి ప్రెస్ కింద పడి, మణికట్టు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా వెనకవైపంతా కాలింది. మూడు వారాల్లో మానుతుందనుకున్న గాయం మానలేదు. ఇంకో వారం చూస్తానని, అప్పటికీ మానకపోతే తొడ మీది చర్మం తీసి చేతికి అతుకు వేస్తానని, గాయం ఇలాగే ఎండి బీటలు వారి ఉంటే ఆ అతుకు కూడా పట్టకపోవచ్చని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. గాయం మానడం ఎంత ఆలస్యమైతే వేళ్ళు అంత బిగుసుకుపోతాయి. ముడుచుకోని వేళ్ళతో దుప్పటి అంచు పట్టుకోలేడు, అంచు పట్టుకోలేనివాడికి లాండ్రీలో పని లేదు.

ఎందుకు మానడంలేదని వార్డంతా తలలు బద్దలు కొట్టుకుంది. షుగర్ ఉంది గానీ అదుపులోనే ఉంది. సిగరెట్ ఎప్పుడూ ముట్టలేదు. చీము లేదు. చివరికి అనుమానం రోజూ క్యారేజీ తెచ్చే మేస్త్రి అక్క మీదికి వెళ్ళింది. చాటుగా తీపి తినిపిస్తోందేమోనని ఎవరో అన్నారు. ఆవిడ ఒంటికాలి మీద లేచి, క్యారేజీ మంచం మీద పెట్టేసి, అలిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కట్టు మార్చడానికి కూర్చున్న కట్లమ్మ, కత్తెర పెట్టబోయి ఆగిపోయింది. అది తను కట్టిన కట్టు కాదు.

అక్కడ ఆపాం.

కాలిన గాయాల వార్డులో కట్లన్నీ కట్టేది ఈ నర్సే. పదకొండేళ్ళుగా కడుతోంది. రోగులంతా ఆమెను కట్లమ్మ అనే పిలుస్తారు, ఎదురుగానే పిలుస్తారు, ఆమె పలుకుతుంది.

"మేస్త్రిగారూ, నిన్న పొద్దున ఈ కట్టు కట్టిందెవరు?"

"మీరేగా అమ్మా."

"నేనేనా?"

"మీరు కాక ఇంకెవరు కడతారు? ఎడమచేత్తో నాకు నేనే కట్టుకుంటానా ఏంటి?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేశానని అతనికే తెలిసింది.

కట్లమ్మ కత్తెర పక్కన పెట్టింది. అతని చేతిని కిటికీ వెలుతురు వైపు తిప్పింది.

"నేను రోజుకు ముప్పై కట్లు కడతాను. ఇన్నాళ్ళూ హడావుడిలో చూడకుండా కోసేశాను గానీ, నా కట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఒక చుట్టు బిగువు, ఒక చుట్టు వదులు. చివర్న ప్లాస్టరు ముక్క వంకరగా అంటిస్తాను, వెనక ఇంకో తొమ్మిదిమంది నిలబడి ఉంటారు కాబట్టి. ఇది చూడండి. ప్రతి చుట్టూ ఒకే కొలత. అంచు మీద అంచు కూర్చుంది. చివర మూడు మూలల మడత పెట్టి లోపలికి దోపారు, ప్లాస్టరుతో పనే లేదు. నిజం చెప్పాలంటే ఇంత చక్కగా కట్టు కట్టేవాళ్ళు ఈ ఆసుపత్రి మొత్తంలో లేరు."

"ఏదో లెండమ్మా, చేతికి అలవాటైపోయింది," అన్నాడు మేస్త్రి సిగ్గుపడుతూ.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? ముప్పై నాలుగేళ్ళు మడతలు పెట్టినవాణ్ణి మడత బాగుందని పొగిడితే, గుట్టు దాచుకోవాలన్న సంగతి ఎక్కడ గుర్తుంటుంది? కట్లమ్మ గద్దిస్తే పళ్ళు బిగించుకుని కూర్చునేవాడే. మెచ్చుకునేసరికి దొరికిపోయాడు.

పక్క స్టూలు మీద తన వంతు కోసం కూర్చున్న టాక్సీ డ్రైవరు పొడి దగ్గు దగ్గాడు. కారు రేడియేటరు మూత తీయబోయి తొడలు కాల్చుకున్న మనిషి. మేస్త్రి పక్క మంచమే అతనిది. కట్లమ్మ అటు తిరిగింది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

"నాకేం తెలుసక్కా? నేను లోపలికి వెళ్ళనే లేదు. తలుపు బయటే నిలబడేవాణ్ణి."

"ఏ తలుపు?"

డ్రైవరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నేల వైపు చూశాడు. ఇద్దరూ పెళ్ళీడు పిల్లలున్న మగాళ్ళు, తరగతిలో పట్టుబడ్డ కుర్రాళ్ళలా తలలు దించుకున్నారు.

కాసేపటికి కథంతా బయటికొచ్చింది. వరండా చివర బాత్రూంలో, చేతులు కడుక్కున్నాక ఆరబెట్టుకునే వేడిగాలి పెట్టె ఒకటి గోడకు బిగించి ఉంది. చెయ్యి కింద పెడితే గాలి వస్తుంది, నలభై సెకన్లకు ఆగిపోతుంది, మళ్ళీ పెడితే మళ్ళీ వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు నర్సులు భోజనానికి వెళ్తారు. అప్పుడు మేస్త్రి బాత్రూంలో దూరి, కట్టు విప్పి, గాయాన్ని ఆ గాలి కింద పెట్టేవాడు. గాలి ఆగినప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసి మళ్ళీ పెట్టేవాడు, ఓ ముప్పైసార్లు. గాయం మీద తడి చుక్క లేకుండా పోయాక, కట్టు మళ్ళీ ఎడమచేత్తో చుట్టి, మడత దోపి, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకునేవాడు. టాక్సీ డ్రైవరు బయట కాపలా. కాపలా ఉచితం కాదు. ఆ అరగంటలో అతను వరండా కిటికీ దగ్గర రెండు సిగరెట్లు కాల్చుకునేవాడు. నువ్వు నా పొగ సంగతి చెప్పకు, నేను నీ గాలి సంగతి చెప్పను. ఇదీ ఒప్పందం.

"ఎన్ని రోజుల నుంచి?" అని అడిగింది కట్లమ్మ. గొంతు మామూలుగానే ఉంది. అందుకే ఇద్దరికీ ఎక్కువ భయం వేసింది.

"చేరిన ఆరో రోజు నుంచి."

ఇరవై రోజులు. కట్లమ్మ కట్టు విప్పడం మొదలుపెట్టింది. చివరి పొర గాయానికి అతుక్కుపోయి ఉంది. దాని మీద ఉప్పునీళ్ళు పోసి, నానేదాకా ఆగి, గోరంత గోరంతగా ఎత్తింది. కింద గాయం పచ్చగా, గట్టిగా పెచ్చు కట్టి, పిడికిలి ఎముకల దగ్గర పగిలి ఉంది. ఇరవై రోజులుగా పొద్దున్నే ఈ పెచ్చు చూసి, రాసిన మందు ఏమవుతోందా అని బుర్ర బద్దలుకొట్టుకుంటోంది ఆమె. మందు మార్చమని డాక్టరమ్మను రెండుసార్లు అడిగింది కూడా. ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు చేశారు మేస్త్రిగారూ? ఒక్క కారణం చెప్పండి. ఎవరు చెప్పారు మీకు ఆరబెట్టమని?"

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. నా పనే అది." మేస్త్రి తలెత్తాడు. ఇప్పుడతని గొంతులో దొంగతనం లేదు. "తడి బట్ట మడతపెడితే ఏమవుతుందో మీకు తెలుసా? ముక్కిపోతుంది. పైకి తెల్లగానే కనిపిస్తుంది, లోపల మూడోరోజుకి నల్ల చుక్కలు పడతాయి. నేను పనిలో చేరిన కొత్తలో, తొందరలో సరిగ్గా ఆరని దుప్పట్లు నూట ఇరవై మడతపెట్టి ఒక హోటల్‌కి పంపేశాను. మొత్తం వెనక్కొచ్చాయి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ రోజు నుంచి చెమ్మ తగిలిన గుడ్డ నా చేతి కింద మడత పడలేదు. మీరేమో నా చేతికి జిడ్డు మందు రాసి, దాని మీద తడి గుడ్డ వేసి, దాని మీద ఇన్ని చుట్లు చుట్టి మూసేస్తున్నారు. పడుకుంటే ఆ చెమ్మ తెలుస్తూనే ఉంటుంది. లోపల నా చెయ్యి ముక్కిపోతోందమ్మా అని అరవాలనిపించేది. మీతో అనలేకపోయాను. చదువుకున్నవాళ్ళకు నేను చెప్పేదేంటి? అందుకని నా చెయ్యి నేను కాపాడుకుందామనుకున్నాను."

కట్లమ్మ దగ్గర తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఈ మాటలు విన్నాక ఒక్కటీ బయటికి రాలేదు. కోపం పోయి దాని చోట సిగ్గు వచ్చింది. ఇరవై ఆరు రోజులు ఈ మనిషి చేతికి మందు రాసింది. ఎందుకు రాస్తోందో, గుడ్డ ఎందుకు తడుపుతోందో ఒక్క రోజూ చెప్పలేదు. అతను తన చేతిని చంపుకోలేదు, తనకు తెలిసిన పద్ధతిలో కాపాడుకున్నాడు. తెలియంది చెప్పాల్సింది తనే.

"మేస్త్రిగారూ, నేనొకటి అడుగుతాను. పూర్తిగా ఎండిపోయి కరకరలాడే దుప్పటి మీ బల్ల మీదికొచ్చింది. అలాగే ఇస్త్రీ చేస్తారా?"

"అలా ఎలా చేస్తాను? ముడత పోదు. ఇంకా నొక్కితే మాడుతుంది."

"మరేం చేస్తారు?"

"నీళ్ళు చిలకరిస్తాను. కొంచెం సేపు చుట్టిపెడతాను. చెమ్మ అంతా సమంగా పాకాక..." అని ఆగాడు.

కట్లమ్మ అతన్ని తొందరపెట్టలేదు. గాయం అంచు మీదికి వేలు చూపించింది. అక్కడ సన్నటి గులాబీరంగు గీత ఉంది, దారమంత.

"ఇదే కొత్త చర్మం. అంచుల నుంచి మధ్యకు పాక్కుంటూ వస్తుంది. చెమ్మ ఉంటేనే పాకుతుంది. పొడి పెచ్చు అడ్డమొస్తే దాని కిందికి దూరి, దారి వెతుక్కుని, చాలాసార్లు మధ్యలోనే చచ్చిపోతుంది. పొద్దున నేను దారి వేస్తున్నాను. మధ్యాహ్నం మీరు దాన్ని ఎండగట్టేస్తున్నారు. పాపం అది ఇరవై రోజులుగా బయల్దేరుతూనే ఉంది. గుడ్డకు ప్రాణం లేదు కాబట్టి తడికి ముక్కిపోతుంది. చేతికి ప్రాణం ఉంది, దానికి తడి కావాలి. ఎక్కువ నీరు కారితే పీల్చుకోవడానికే పైన అన్ని పొరలు వేసేది. రోజూ మార్చేది కూడా అందుకే."

మేస్త్రి ఆ గులాబీ గీతను చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎడమచేతి వెనకవైపుతో తుడుచుకున్నాడు.

"అయితే నా చేతికి నేనే శత్రువునయ్యానన్నమాట."

"శత్రువేం కాదు. పప్పులో కాలేశారు, అంతే. ఆ బాత్రూం గాలిలో ఎన్ని క్రిములుంటాయో తలుచుకుంటే నాకు వణుకొస్తోంది. చీము పట్టలేదు, మీ అదృష్టం."

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ మాటలు తక్కువ. ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే కళ్ళజోడు తీసి తుడుస్తుంది, అందుకని ఆవిడ చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్తే వార్డంతా ఊపిరి బిగబడుతుంది. కట్లమ్మ సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ విన్నది. కళ్ళజోడు ముట్టుకోలేదు.

"ఇరవై రోజులుగా నేను ఈయన రక్తంలో వెతుకుతున్నాను," అంది చివరికి. "షుగర్ చూశాను, రక్తం తక్కువుందేమో చూశాను, కీళ్ళనొప్పులకు ఏవైనా మాత్రలు మింగుతున్నారేమో కూడా అడిగాను. అలాంటివన్నీ గాయాన్ని మాననివ్వవు. బాత్రూంలో వెతకాలని మాత్రం తట్టలేదు."

"మా అక్క..." అన్నాడు మేస్త్రి.

"మీ అక్కగారి సంగతీ చెబుతాను. చేరినప్పుడు మీ ఒంట్లో మాంసకృత్తులు బాగా తక్కువ. ఇంత గాయం పూడాలంటే ఒంటికి ఇటుకలు, సున్నం కావాలి కదా. రోజూ రెండు గుడ్లు, పప్పు, పాలు, క్యారేజీ నిండా ఆవిడ తెచ్చింది. పోయిన గురువారం నాటికి లెక్క మామూలుకు వచ్చింది. ఈ ఇరవై రోజుల్లో మీ గాయానికి మేలు చేసిన మనిషి ఎవరైనా ఉంటే ఆవిడ ఒక్కరే."

మేస్త్రి మొహం పాలిపోయింది. గాయం చూసినప్పుడు కూడా అంత పాలిపోలేదు.

డాక్టరమ్మ టాక్సీ డ్రైవరు వైపు తిరిగింది. అతను అప్పటికే జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి బల్ల మీద పెట్టేశాడు. "పొగ తాగితే రక్తనాళాలు సన్నబడి గాయానికి రక్తం అందదని పోయిన సోమవారమే చెప్పాను కదా?" అంది. చెప్పారన్నాడు. మరి? మరేముంది, తలుపు దగ్గర ఊరికే నిలబడితే జనం అనుమానిస్తారని కాల్చానన్నాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసింది. వరండాలోంచి తొంగిచూస్తున్న రోగులు హడలిపోయారు.

"బుధవారం దాకా గడువు," అంది మేస్త్రితో. "ఏడు రోజులు. కట్లమ్మ కట్టింది కట్లమ్మే విప్పాలి. ఆ పెచ్చు మెత్తబడి, కింద ఎర్రగా కనిపిస్తే మనకు దారి దొరికినట్టు. లేకపోతే తొడ మీంచి చర్మం తీయక తప్పదు."

ఆ సాయంత్రం మేస్త్రి అక్కకు ఫోను చేశాడు. ఫోను పట్టుకోవడానికి టాక్సీ డ్రైవరు సాయం వచ్చాడు, వినడానికి వార్డులో సగం సాయం వచ్చింది.

"అక్కా, నేను."

"నేనంటే ఎవరు?"

"నీ తమ్ముణ్ణి."

"నాకో తమ్ముడుండేవాడు. నేను దొంగచాటుగా తీపి పెట్టి చంపుతున్నానని ఆసుపత్రిలో అందరూ అంటుంటే కిమ్మనకుండా కూర్చున్నాడు. ఆ తమ్ముడా?"

"ఆ తమ్ముణ్ణే. తప్పు నాది. నీది కాదు." మేస్త్రి ఉన్నదంతా చెప్పాడు, గాలి పెట్టెతో సహా. అటువైపు నుంచి వెక్కిళ్ళలాంటి చప్పుడు వచ్చింది. ఏడుస్తోందేమోనని భయపడ్డాడు. ఏడవలేదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

"చిన్నప్పుడు వానలో తడిసొస్తే నీ పుస్తకాలు పొయ్యి మీద పెట్టి ఆరబెట్టావురా. అవి కాలిపోతే నాన్న నన్ను కొట్టాడు. నీ తడికి దెబ్బలు తినడం నాకు కొత్తేం కాదులే," అంది. మళ్ళీ తనే, "రేపటి నుంచి రెండు గుడ్లా, మూడా? ఆ డాక్టరమ్మని కనుక్కుని చెప్పు," అంది.

మేస్త్రికి గుండె మీంచి బరువు దిగింది.

ఆ ఏడు రోజుల గురించి చెప్పాలంటే, కొత్తగా మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహం ముందు పాతవాళ్ళు ఆగలేరు. మేస్త్రి వార్డంతా తిరిగి చెమ్మ గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఎవరి కట్టయినా పొడిగా కనిపిస్తే కట్లమ్మ దగ్గరికి పరుగు. "అమ్మా, మూడో మంచం ఎండిపోతోంది." మొదటి రెండు రోజులు ఆమె నవ్వింది, మూడోరోజు నోరు మూసుకుని కూర్చోమంది. కూర్చోబెట్టడానికి డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. చేతి రుమాళ్ళు పది తెప్పించి, కట్టు మీదే, వేళ్ళ కొసలతో మడతపెట్టమంది. వేళ్ళకు వ్యాయామం. మొదటిరోజు ఒక్క రుమాలుకు పావుగంట పట్టింది, చెమటలు కారాయి. మడత వంకరగా వచ్చిందని విప్పి మళ్ళీ పెట్టాడు. వంకరైనా ఫర్వాలేదు, వేళ్ళు కదిలితే చాలని కట్లమ్మ అంటే, ఆమె వైపు జాలిగా చూశాడు.

మధ్యాహ్నాలు కష్టంగా గడిచాయి. ఒంటిగంట కాగానే కాళ్ళు వాటంతటవే బాత్రూం వైపు లాగేవి. కట్టు కింద చెమ్మ తగులుతుంటే పాత భయం మళ్ళీ పట్టుకునేది. కళ్ళు మూసుకుని, దారమంత గులాబీ గీతను తలుచుకుని, అది పాకుతోందని తనకు తను చెప్పుకునేవాడు. నాలుగోరోజు పెచ్చు మెత్తబడి ఊడివచ్చింది. కింద ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా ఉంది. చూడ్డానికి ఘోరంగా ఉందే అన్నాడు డ్రైవరు. కట్లమ్మ మాత్రం బంగారం దొరికినంత సంబరపడింది.

బుధవారం పొద్దున డాక్టరమ్మ చిన్న స్కేలు తెచ్చుకుంది. కట్టు విప్పారు. గులాబీ గీత గీతగా లేదు, చెయ్యి వెనకవైపంతా పరుచుకుని ఉంది, పల్చగా, మెరుస్తూ. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత చోటు మాత్రం ఇంకా పచ్చిగా ఉంది. డాక్టరమ్మ కొలిచింది, రాసుకుంది, మళ్ళీ కొలిచింది.

"పిడికిలి బిగించండి."

బిగించాడు. వేళ్ళ కొసలు అరచేతికి వేలెడు దూరంలో ఆగాయి.

"నెల తిరిగేసరికి ఆ దూరం కూడా పోతుంది. అతుకు అక్కర్లేదు. ఎల్లుండి ఇంటికి వెళ్ళొచ్చు," అనేసి, ఇంకో మాట వినకుండా రెండో అంతస్తు రోగుల్ని చూడ్డానికి బయల్దేరింది. మేస్త్రి ఎడమచేత్తో కట్లమ్మకు దణ్ణం పెట్టబోయి, ఒక్క చేత్తో దణ్ణం ఎలా పెట్టాలో తెలియక ఆగిపోయాడు.

ఆ రోజు పొద్దున్నే కూతుర్ని కూడా రమ్మన్నారు, డాక్టరమ్మ అటు వెళ్ళగానే ఆమె లోపలికొచ్చింది. మేస్త్రికి ఉన్నది ఆ ఒక్క కూతురే. తల్లి లేని పిల్ల, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని నేర్చుకుంది. చల్లటి గది, కూర్చుని చేసే పని. మా పిల్ల ఆవిరి ముఖం చూడక్కర్లేదని మేస్త్రి వార్డులో చెప్పుకోని రోజు లేదు. రోజూ సాయంత్రం వచ్చి, మంచం ఆ చివర కూర్చుని, కబుర్లు చెప్పి వెళ్ళేది. గాలి పెట్టె సంగతి, చెమ్మ సంగతి మాత్రం సిగ్గుపడి మేస్త్రి ఆమెతో అననేలేదు. ఇంటికి వెళ్ళాక కట్టు మార్చాల్సింది ఆమే కాబట్టి నేర్పడానికి కట్లమ్మ పిలిపించింది.

"ముందు చేతులు కడుక్కో తల్లీ. మోచేతుల దాకా సబ్బు పెట్టాలి."

ఆ పిల్ల కుడి చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఎడమది మణికట్టు దగ్గరే ఉంచి కడుక్కుంది.

"ఆ చెయ్యి కూడా మడువు."

"ఇది శుభ్రంగానే ఉందక్కా."

"శుభ్రంగా ఉన్నా మడవాలి. ఇక్కడ పద్ధతి అది." కట్లమ్మ మాట్లాడుతూనే ఆ చొక్కా చేతిని తనే పైకి జరిపింది. జరిపి ఆగిపోయింది.

మోచేతి కింద, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కాలిన మచ్చ. జానెడు పొడుగు. పైన నల్లటి పెచ్చు కట్టి ఉంది.

అది ఎక్కడ కాలిందో కట్లమ్మకు తెలియదు. మేస్త్రికి తెలుసు. లోకంలో అంత తిన్నగా కాల్చే వస్తువు అతను ఒక్కదాన్నే ఎరుగును, ముప్పై నాలుగేళ్ళు దాని ముందే నిలబడ్డాడు. ప్రెస్ పై పలక అంచు.

"నువ్వు ప్రెస్ దగ్గరికెందుకు వెళ్ళావు?" అన్నాడు.

కూతురు చొక్కా చెయ్యి కిందికి లాగబోయింది, కట్లమ్మ లాగనివ్వలేదు.

"నీ చోట్లో ఇంకొకరిని వేసుకుంటామన్నారు నాన్నా. నువ్వు ఆసుపత్రిలో పడి పదిరోజులైనా కాలేదు. ఒకసారి వేసుకుంటే మళ్ళీ నీకివ్వరు. నాన్న వచ్చేదాకా నేను చేస్తానని చెప్పాను. దుకాణంలో సెలవు పెట్టాను." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "బాగానే చేస్తున్నాను. నీ అంత వేగం రాలేదు గానీ మడత బాగుందంటున్నారు."

మేస్త్రి ఆ మాటకు సంతోషించలేదు. నా చెయ్యి బాగుపడితే చాలు, పిల్ల ఆ గడప తొక్కక్కర్లేదని కదా ఇరవై రోజులు ఆ గాలి కింద నిలబడింది. తను మంచం మీద చెమ్మ గురించి ఉపన్యాసాలు ఇస్తుంటే, కూతురు తన బల్ల దగ్గర నిలబడి చెయ్యి కాల్చుకుంది.

"ఇది ఎన్ని రోజులైంది?" అని అడిగింది కట్లమ్మ.

"ఇవాళ్టికి తొమ్మిది."

"ఏం రాశావు?"

"ఏం రాయలేదక్కా. నాన్న ఎప్పుడూ చెప్పేదేగా, తడి తగలనివ్వకూడదని. రోజూ ప్రెస్ ఆవిరి గొట్టం పక్కన పెట్టి ఆరబెట్టుకుంటున్నాను. పెచ్చు కూడా బాగా గట్టిపడింది."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

కట్లమ్మ దూది పుల్ల తీసి, పెచ్చు పగిలిన చోట, మచ్చ మధ్యలో మెల్లగా తాకించింది. "ఇక్కడ నొప్పి పుడుతోందా?"

"లేదక్కా." ఆ పిల్ల వాళ్ళిద్దరికీ ధైర్యం చెప్పడానికి నవ్వింది కూడా. "అంచుల్లోనే కాస్త మంట. మధ్యలో అసలేం తెలియట్లేదు. అందుకే తగ్గిపోతోందనుకున్నాను."

కట్లమ్మ నవ్వలేదు. నొప్పి తెలిసే గాయాన్ని చూసి ఆమె ఎప్పుడూ బెదరదు. తాకినా తెలియని చోటంటే, కాలడం చర్మం దాటి లోపలికి దిగిందన్న అనుమానం. ఆ సంగతి ఆమె పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది, నెలరోజులుగా రోజూ పొద్దున ఎదురుగా కూర్చుని మేస్త్రి ఆమె ముఖం చదవడం నేర్చుకున్నాడు.

తన చేతికి ఇంకా కట్టు కట్టలేదు. పల్చటి కొత్త చర్మం గాలికి ఆరిపోతోంది. అతనికి అది గుర్తు లేదు. స్టూలు మీంచి లేచి, ఎడమచేత్తో కూతురి భుజం పట్టుకుని అదే స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"తొమ్మిది రోజులే కదమ్మా," అన్నాడు కట్లమ్మతో. "నేను మీకు ఇరవై ఆరు రోజులకు దొరికాను. ఇది తొమ్మిదికే దొరికింది. ఇంకా టైముంది కదూ?"

కట్లమ్మ గబగబా వెళ్ళి తలుపు తీసి, మెట్లు ఎక్కుతున్న డాక్టరమ్మను వెనక్కి పిలిచింది.